ఎర్ర దారం నిదానం

ప్రయోగశాల తాళంచెవి నా మొలతాడుకు కట్టుకుని
పాతికేళ్ళు.
పేరు మాలకొండయ్య. ఉద్యోగం అటెండరు.
నేను కడిగిన గాజు నాళికలు వరసగా పేరిస్తే
కందుకూరు నుంచి సింగరాయకొండ దాకా వస్తాయి.

ఆ మధ్య మా ఊరిని ప్రకాశం నుంచి తీసి
నెల్లూరు జిల్లాలో పెట్టారు,
సీసా మీద చీటీ మార్చినట్టు.
లోపల సరుకు అదే. ఎండ అదే.
పొగాకు వేలం రోజు బజారంతా పట్టుకునే ఘాటూ అదే.

హజరత్తయ్య సారుది చీటీ పద్ధతి.
బోర్డు మీద ముందు సూత్రం,
దాని కింద జవాబు: తొమ్మిది వందల ఎనభై,
దాని కింద రెండు గీతలు.
"ఇప్పుడు లోలకం ఊపండి. ఇది నిజమని తేలాల."
పిల్లకాయలు ఊపేవాళ్ళు,
కళ్ళు మాత్రం బోర్డు మీదే.
కొందరు ఊపకుండానే
జవాబు కాడ బయల్దేరి
వెనక్కి నడుచుకుంటా గడియారం దాకా వచ్చేవాళ్ళు.
ఏటా నూట ఇరవై రికార్డులు.
అన్నిట్లో తొమ్మిది వందల ఎనభై.
భూమి ఒక్కసారి కూడా మాట తప్పలా.
ఆ గడియారం ముల్లు కదలక రెండేళ్ళయిందని
నేనూ ఎవరికీ చెప్పలా.

బ్యూలా మేడం కావలి నుంచి బదిలీ మీద వచ్చింది.
వచ్చిన రోజే నా చేతిలో తాళంకప్ప లాక్కుంది,
"మళ్ళీ ఇస్తాలే" అని.
దానికి మూరెడు తెల్ల దారం.
నిమ్మకాయకూ మూరెడు తెల్ల దారమే.
చీమకుర్తి నల్లరాతి ముక్కకు
తెల్లది అయిపోతే, బారెడు ఎర్రది.
బోర్డు ఖాళీ.
"ఏది బిరీన ఊగుద్ది?"

తాళమేనని అందరూ అరిచారు.
తాళం, నిమ్మకాయ
జోడెద్దుల్లా కలిసి పోయి కలిసి వచ్చాయి.
తిరుపాలు నమ్మలా.
నిమ్మకాయలో ఏదో దాచారని
కోసి చూశాడు.
గింజలు.

"గడియారం, మాలకొండయ్యా" అంది మేడం.
పాతికేళ్ళలో మొదటిసారి
గడియారం నిజంగా కావాల్సొచ్చింది.
చచ్చిపోయిందమ్మా, అన్నా.
"అయితే నాడి పట్టుకోండి."
పిల్లకాయలంతా ఎవరి మణికట్టు వాళ్ళు పట్టుకుని
వైద్యుల మాదిరి నిలబడ్డారు.

రమిజాబీ చానాసేపు చూసి
నోటుబుక్కులో రాసుకుంది:
ఎర్ర దారం నిదానం.
నాకూ అట్టానే అనిపించింది.
మేడం అవునన్లా, కాదన్లా.
బెల్లు కొట్టారు.
నూట ఇరవై మందీ ఆ తప్పు మోసుకుని
బస్సులెక్కి ఊళ్ళకు పోయారు.

రాత్రి నిద్ర పట్టలా.
నా మొలతాడూ ఎర్రదే గదా.

మర్నాడు ఎర్ర దారం జానెడు తుంచి కట్టారు.
తుమ్మెద మాదిరి ఊగింది.
రమిజాబీ తన వాక్యం మీద ఒక్క గీత గీసింది.
చెరపలా. ఇప్పటికీ చదవొచ్చు.

"మరి బరువు ఏమైపోయింది మేడం?"
తిరుపాలు వదల్లా.
హజరత్తయ్య సారును పిలవమంది.
ఆయన వచ్చాడు, సుద్దముక్క తీశాడు,
అదే సూత్రం, అదే చేతిరాత.
"బరువు ఈ పక్కా ఉంది, ఆ పక్కా ఉంది.
కొట్టేద్దామా?"
వెనక బెంచీ నుంచి ఒక "ఓహ్" లేచింది.
ఎన్నేళ్ళుగానో కొట్టేస్తున్న అక్షరాన్ని
సారు ఆరోజు
కాసేపు చూసి కొట్టేశాడు.

ఊరికే పొగడటం లేదు.
లోలకానికి మూడు రోజులు పట్టింది.
ఇంకా పదిహేను ప్రయోగాలు మిగిలాయి.
ప్రిన్సిపాలు పిలిచి ఏమన్నాడో గానీ
సంక్రాంతి సెలవులు కాంగానే
మేడం కూడా బోర్డు మీద జవాబులు రాసింది,
మా వైపు తిరక్కుండా.
ఆ ఏడు రికార్డుల్లో మాత్రం
తొమ్మిది వందల యాభై ఒకటి,
వెయ్యీ ఇరవై,
ఒకడికి ఎనిమిది వందలు.
పరీక్షకు వచ్చినాయన ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాడు.

తాళంకప్ప నాకు తిరిగొచ్చింది.
సాయంత్రం తలుపు మూసి, గొళ్ళేనికి తగిలించి
వదిలేస్తా.
అది కాస్త ఊగుద్ది.
నాడి మీద వేలు పెట్టి
ఆగేదాకా ఉండి పోతా.
ఎంతొచ్చిందో
ఇంతవరకూ ఎక్కడా రాయలా.